చదివినట్టుగా గుర్తించిన ఉత్తరం

రిటైరై రెండేళ్లు దాటింది. అయినా ఒక్క మాట చెవిన పడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. "మా దగ్గర పెండింగ్ ఏమీ లేదు మేడం, సున్నా" అనే మాట. కరెంటాఫీసులో అన్నా, బ్యాంకులో అన్నా, ఆ సున్నా ఎలా వచ్చిందో ఒకసారి చూపించు నాయనా అని అడగాలనిపిస్తుంది. ఊరికే అనిపించడం కాదు, అడుగుతాను కూడా. మా ఆయన పక్కనుంటే నా మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకొస్తాడు.

ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మెయిల్ తెరిస్తే డబ్బా పేరు పక్కన ఒక అంకె కనబడుతుంది కదా, ఇన్ని ఉత్తరాలు ఇంకా చదవలేదని చెప్పే అంకె. ఆ అంకెను నేను చాలా ఏళ్లు నమ్మాను. దాని సంగతి నాకు సరిగ్గా అర్థమయ్యేసరికి ఒక ఇంటికి జరగకూడనిది జరిగిపోయింది. ఎవరి పేర్లూ రాయను. ఆఫీసు పేరు కూడా రాయను. రాయకపోయినా, ఆ రోజుల్లో అక్కడ పనిచేసినవాళ్లు ఇది చదివితే తమను తాము గుర్తుపడతారు. గుర్తుపట్టాలనే రాస్తున్నాను.

మాది బోధన్. మా బాపు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. నాకు ఉద్యోగం నిజామాబాద్‌లో, ఒక జిల్లా ఆఫీసులో. ఇరవై ఏళ్లు బోధన్ బస్సులోనే పోయి వచ్చాను. ఎక్కువకాలం నేను చేసింది తపాల్ సెక్షన్. ఆఫీసుకు వచ్చే ప్రతి ఉత్తరం ముందు నా బల్ల మీదే పడేది. కవరు కత్తిరించి, గుండ్రటి ముద్ర కొట్టి, తారీఖు వేసి, రిజిస్టర్‌లో ఎక్కించి, అది ఏ సెక్షన్‌కు పోవాలో ఆ సెక్షన్‌వాళ్ల చేత సంతకం పెట్టించుకునేదాన్ని. సంతకం లేకుండా చిన్న చీటీ కూడా ఇచ్చేదాన్ని కాదు. ఆ సంతకం కోసం నాతో కొట్లాడని మనిషి ఆ ఆఫీసులో లేడు. "ఒక్క కాయితానికి గింత రాజ్యమా మేడం" అని గొణుక్కుంటూ పెట్టేవాళ్లు. నాకు తపాల్ మేడం అని పేరు పడింది. వెనకాల ఇంకా వేరే పేర్లు కూడా ఉండేవని తర్వాత తెలిసింది.

కాగితాలు తగ్గి మెయిళ్లు వచ్చాక, "ఉత్తరాలే కదా మేడం, అవి కూడా మీరే చూడండ్రి" అని ఆ పని కూడా నాకే అంటగట్టారు. నేర్చుకున్నాను. సెక్షన్‌కు ఒక ఫోల్డరు పెట్టుకున్నాం. ఫలానా అడ్రసు నుంచి వస్తే ఫలానా ఫోల్డరులోకి దానంతట అదే పోయేలా ఒక నియమం రాసిపెట్టవచ్చు. చదవని ఉత్తరం లావు అక్షరాలతో ఉంటుంది, తెరిస్తే సన్నబడుతుంది. ప్రతి ఫోల్డరు పక్కన లావు ఉత్తరాలు ఎన్నో అంకె ఉంటుంది. ఇది బాగుందే, నా రిజిస్టర్‌లాగే ఉంది అనుకున్నాను. సంతకం ఎక్కడ అని అప్పుడు అడగాల్సింది. అందరితో కొట్లాడిన దాన్ని, ఆ యంత్రాన్ని మాత్రం అడగలేదు. పైగా ఆ మెయిల్‌కు ఒకటే పాస్‌వర్డ్, వాడేది ముగ్గురం. నేను, మా సూపరింటెండెంటు, ఆయన పైన పెద్దసారు.

మా సెక్షన్‌కే గల్ఫ్ ఉత్తరాలు కూడా వచ్చేవి. మన జిల్లాలో ఆర్మూరు, భీమ్‌గల్, కమ్మర్‌పల్లి వైపు ఏ ఊరికి పోయినా ఎడారి దేశంలో పనిచేసే మనిషి ఒకరైనా లేని గల్లీ ఉండదు. అక్కడి మన రాయబార కార్యాలయాలు వీళ్ల గురించి జిల్లా ఆఫీసులకు రాస్తాయి. జబ్బు చేసినవాళ్లు, జైల్లో పడ్డవాళ్లు, చనిపోయినవాళ్లు. వాటి కోసం 'గల్ఫ్' అని ప్రత్యేకంగా ఫోల్డరు పెట్టాను. రోజూ పొద్దున ముందు తెరిచేది అదే.

అట్లా నడుస్తుండగా కొత్త పెద్దసారు వచ్చారు. ఆయన చెడ్డవాడని నేను అనను. ఆఫీసు టీ కూడా తాగేవాడు కాదు, ఇంటి నుంచి తెచ్చుకునేవాడు. చెడ్డవాడైతే నాకింత కోపం ఉండేది కాదు, వాడంతే అని ఊరుకునేదాన్ని. మంచివాడనిపించుకున్న మనిషి ఒక అంకె కోసం ఎంత దిగజారతాడో చూశాను కనుకే ఇంకా మండుతుంది.

ప్రతి శుక్రవారం పదకొండు గంటలకు హైదరాబాద్ నుంచి వీడియో మీటింగు. అందులో ఒక పట్టిక వేసేవాళ్లు. జిల్లాల పేర్లు, పక్కన చదవని మెయిళ్ల సంఖ్య. ఎక్కువ ఉన్న వరస ఎర్రగా, సున్నా ఉన్న వరస పచ్చగా. మొదటి శుక్రవారమే మాది ఎరుపు. అందరి ముందు పెద్దసారును నిలబెట్టి అడిగారట. బయటికి వచ్చేసరికి ఆయన ముఖం కందిపోయి ఉంది.

"మేడం, వచ్చే వారం నాకు సున్నా కావాలె" అన్నారు.

"ఇంకో ఇద్దర్ని ఇయ్యండి సార్, అన్నీ చదువుతం" అన్నాను.

"చదువుడు గురించి ఎవరడిగిండ్రు మేడం? సున్నా గురించి చెప్పండ్రి."

నేను నోరు తెరిచేలోపే సూపరింటెండెంటు అందుకున్నారు. ఆయనకు ఇలాంటి తెలివి పుట్టుకతోనే ఉంది. హైదరాబాద్ పట్టిక లెక్కపెట్టేది ముందు డబ్బాలో, అంటే ఇన్‌బాక్సులో పడిన ఉత్తరాలనే, లోపలి ఫోల్డర్ల జోలికి పోదు అని కనిపెట్టి వచ్చారు. కనుక 'ఇతరాలు' అని ఒక ఫోల్డరు పెట్టి, మన జాబితాలో లేని అడ్రసుల నుంచి వచ్చే ప్రతిదీ నేరుగా అందులో పడేలా నియమం రాస్తే సరి. ఉత్తరం వస్తుంది గానీ వచ్చినట్టు ఎక్కడా కనబడదు. ఆ నియమం రాసింది కూడా నేనే. తర్వాతి శుక్రవారం మా వరస పచ్చబడింది. పెద్దసారు అందరికీ సమోసాలు తెప్పించారు. నేనూ ఒకటి తిన్నాను.

నెల తిరగకముందే హైదరాబాద్‌వాళ్లకూ తెలివొచ్చింది. మా ఒక్క ఆఫీసే కాదు, సగం జిల్లాలు ఇదే పని చేశాయట. ఇక నుంచి అన్ని ఫోల్డర్లూ కలిపి లెక్కపెడతామన్నారు. ఆ మాట తెలిసింది శుక్రవారం పొద్దున. 'ఇతరాలు' పక్కన మూడంకెల సంఖ్య లావుగా కూర్చుని ఉంది. మీటింగుకు ఇంకా అరగంట. పెద్దసారు నా కుర్చీ వెనకాల వచ్చి నిలబడ్డారు.

ఆఫీసుల్లో తెలుగే వాడాలని ఒక ఉత్తర్వు వచ్చినప్పుడు మా కంప్యూటర్లన్నీ తెలుగులోకి మార్చారు. ఫోల్డరు మీద కుడి బటన్ నొక్కితే ఒక చిట్టా తెరుచుకుంది. అందులో ఒక వరసను పెద్దసారే పైకి చదివారు.

"అన్నీ చదివినట్టుగా గుర్తించు. గిది ఉండంగ మనం పరేషాన్ గావుడు ఎందుకు మేడం? నొక్కుండ్రి."

"చదవలేదు కదా సార్."

"మధ్యాహ్నం కూసొని చదువుకుందురు తీయండ్రి. ముందుగాల నొక్కుండ్రి."

నొక్కాను. ఆయన చెప్పారనే మాట నిజమే గానీ, నొక్కింది నా వేలు. ఎవరూ నా చెయ్యి పట్టుకోలేదు. లావు అక్షరాలన్నీ ఒక్కసారిగా సన్నబడ్డాయి. అంకె మాయమైంది. ఇన్నేళ్లు ఒక్కో కాగితానికి సంతకం కోసం యుద్ధం చేసిన మనిషిని, వందల ఉత్తరాలను ఒక్క వేలితో చదివేశాను. "శభాష్" అన్నారు పెద్దసారు.

మధ్యాహ్నం కూర్చున్న మాట నిజం. మొదటి పేజీ చూశాను. వాటర్ ఫిల్టర్ల ప్రకటనలు, ఏదో సెమినార్ ఆహ్వానం, ఎవరికో పంపిన ఫిర్యాదు నకళ్లు. ఇవేనా అనుకుని మూసేశాను. ఆ తర్వాత ప్రతి శుక్రవారం పదిన్నరకు అదొక ఆచారమైంది. హాజరు పట్టీలో సంతకం పెట్టినట్టు కుడి బటన్ నొక్కడం, అన్నీ చదివినట్టు గుర్తించడం.

పసుపు ఉడకబెట్టే రోజులవి. ఒక సోమవారం, అర్జీలు తీసుకునే రోజు, ఒకామె వచ్చింది. కమ్మర్‌పల్లి దగ్గర ఊరు. ముప్పై దాటి ఉంటాయి. వేళ్లు మణికట్టు దాకా పసుపు పట్టి ఉన్నాయి. వెంట ఆమె అత్త. షేర్ ఆటోలో ఆర్మూరు దాకా వచ్చి, బస్సెక్కి, మా ఆఫీసు వెతుక్కునేసరికి పన్నెండయిందట.

"అక్కా, మా ఆయన ఫోన్ పదిరోజులసంది బంద్ ఉన్నది" అంది. "కంపెనోళ్లు లేపుతలేరు. గాడికెళ్లి మీ ఆఫీసుకు ఉత్తరాలొస్తయని మా ఊర్ల చెప్పిండ్రు. ఏమన్న ఖబర్ వచ్చిందేమో జర సూడక్కా."

'గల్ఫ్' ఫోల్డరు చూశాను. పక్కన అంకె లేదు. నాకు ఆమె మీద జాలి కలిగింది. నోటిమాటగా చెబితే నమ్మదేమోనని తెరను ఆమె వైపు తిప్పాను.

"ఇగో సూడు చెల్లె. కొత్త ఉత్తరం వస్తే గీడ అంకె పడ్తది. ఏం లేదు. రాలే."

"సున్నానా అక్కా?"

"సున్నానే."

ముసలామె ముందుకు వంగి తెరలోకి చూసింది. ఆమెకు అక్షరాలు రావు. "సున్నా అంటే మంచిదేనా బిడ్డా?" అని అడిగింది.

"మంచిదే అవ్వా. ఏమన్న అయితే ముందుగాల మాకే రాస్తరు" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఈ రోజుకీ ఆ మాట గుర్తొస్తే నా నోటిని నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. ముసలామె నా తలకు రెండు చేతులూ తాకించి తన కణతల దగ్గర మెటికలు విరిచింది. "బిడ్డా, నీ కడుపు సల్లగుండ" అంది. ఇద్దరూ తేలికపడి వెళ్లిపోయారు.

తర్వాతి సోమవారం కోడలు ఒక్కతే వచ్చింది. ఫోన్ ఇంకా బందే ఉంది. మళ్లీ చూశాను, మళ్లీ సున్నా. ఈసారి భర్త పాస్‌పోర్టు జిరాక్సు తెచ్చింది. ఒక అర్జీ రాయించి, ఈ మనిషి ఎక్కడున్నాడో కనుక్కోండి అని రాయబార కార్యాలయానికి ఉత్తరం తయారుచేసి, పెద్దసారు సంతకానికి పెట్టాను. సంతకాల ఫైలు ఆయన బల్ల మీద ఉంది. ఆ వారమంతా ఆయన శుక్రవారం మీటింగుకు తయారవుతున్నారు. పచ్చ వరసలో వరసగా ఎన్ని వారాలున్నామో చూపించే బొమ్మలు గీయిస్తున్నారు. ఒక్క సంతకం, ఒక్క గీత, అది పెట్టడానికి ఆయనకు తీరిక లేకపోయింది.

మూడో సోమవారం అత్తాకోడళ్లిద్దరూ వచ్చారు. ఏడవడం లేదు. కోడలు నా బల్ల ముందు నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా, నేల చూస్తూ చెప్పింది.

"మట్టిల పెట్టిండ్రట అక్కా. మొన్న. ఆయనతోని ఒక్క రూంల ఉండే భీమ్‌గల్ అన్న ఫోన్ జేసిండు. దవాఖానల పాణం పోయి చానా రోజులైందట."

నేను లేచి నిలబడ్డాను.

"ఎంబసోళ్లు మీ ఆఫీసుకు రెండుసార్లు రాసిండ్రట అక్కా. జవాబే రాలేదట."

"రాలే చెల్లె, నీ ముందటనే సూసిన గదా" అన్నాను. అలవాటుగా నా చెయ్యి తెరను తిప్పడానికి పోయింది. అప్పుడు ఆ జిరాక్సు నకలు గుర్తొచ్చింది. సొరుగులోంచి తీసి, ఆ పేరును ఒక్కో అక్షరం చూస్తూ వెతికే గడిలో కొట్టాను. ఫోల్డర్లన్నీ కలిపి వెతకమన్నాను. ఈ పని మొదటి రోజే చేసి ఉండాల్సింది. పేరు అడిగి కొట్టడానికి ఎంతసేపు? అంకెను చూశాను గానీ ఉత్తరాలను చూడలేదు.

రెండు ఉత్తరాలు వచ్చాయి. రెండూ 'ఇతరాలు' ఫోల్డరులోవి. రెండూ సన్నటి అక్షరాల్లో. రాయబార కార్యాలయం వాళ్లు ఆసుపత్రి మరణాల కోసం కొత్త అడ్రసు తెరిచారు, అది మా జాబితాలో లేదు. మొదటిది ఆమె నా దగ్గరికి మొదటిసారి రాకముందే, బుధవారం వచ్చింది. శుక్రవారం నా వేలి కింద చదవబడింది. రెండోది తర్వాతి మంగళవారం వచ్చింది. దాన్నీ శుక్రవారం చదివేశాను. శవాన్ని ఇంటికి పంపాలా, అక్కడే ఖననం చేయాలా, కుటుంబం పదిహేను రోజుల్లో చెప్పాలని మొదటిదాంట్లోనే ఉంది. లెక్కచూస్తే, జిరాక్సు తెచ్చి ఆమె నా ముందు కూర్చున్న రోజు ఇంకా మూడు రోజుల గడువుంది.

కోడలి వెనక నిలబడ్డ ముసలామె ముందుకు వచ్చింది. అప్పుడు ఒక్క మాట అంది. "మా ఇంట్ల అగ్గిపెట్టుడే గాని మట్టిల పెట్టుడు లేదు బిడ్డా. కన్నతల్లిని, ఆఖరికి మొఖం సూసుకోకపోతి."

మా ఆఫీసులో కంప్యూటర్లు చూసే ఒకతను ఉండేవాడు. ఆ మధ్యాహ్నం అతన్ని పట్టుకుని, ఈ ఉత్తరాన్ని ఎవరు చదివారో చూపించు అన్నాను.

"అది తెల్వదు మేడం" అన్నాడు. "ఒక్కో మెయిల్‌కు ఒక చిన్న గుర్తు ఉంటది. చూసినట్టు, చూడనట్టు, అంతే. ఎవరు చూసిండ్రు, ఎంతసేపు చూసిండ్రు, ఏం సమజైంది, గవన్ని దానికి అవసరం లేదు. మీరు తెరిచినా గుర్తు పడ్తది, సారు ఫోన్‌ల వేలు తాకినా పడ్తది, బటన్ నొక్కినా పడ్తది. ఫోల్డరు పక్కన అంకె ఏందంటే, ఆ గుర్తు లేనివి ఎన్నున్నయో కూడి చూపెడ్తది. ఉత్తరాల లెక్క కాదది, గుర్తుల లెక్క."

ఇంత చిన్న సంగతి. ఐదు నిమిషాల్లో చెప్పాడు. ఇన్నేళ్లలో మాలో ఒక్కరమూ అడగలేదు. ఆ పట్టిక వేసిన హైదరాబాద్ పెద్దలు అడగలేదు. గుర్తుల్ని లెక్కపెట్టి, ప్రజల ఉత్తరాలు చదివేశామని ఒకరికొకరు చప్పట్లు కొట్టుకున్నాం.

పెద్దసారుకు చెప్పడానికి వెళ్లాను. అంతా విని ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? ఆ మనిషి ఎవరు, ఇంట్లో ఎందరు, పిల్లలున్నారా, ఇవేవీ కాదు.

"ఇప్పుడు ఆ మెయిళ్లు చదవనట్టు చూపెడ్తున్నయా, చదివినట్టు చూపెడ్తున్నయా మేడం?"

"చదివినట్టే చూపెడ్తున్నయి సార్."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. ముఖంలో ఒక నిమ్మళం. ఆ నిమ్మళం చూసినప్పుడు నాకు పుట్టిన కోపం ఇంతవరకూ చల్లారలేదు.

పై నుంచి సంజాయిషీ అడిగారు. జవాబు తయారుచేయడానికి ముగ్గురం కూర్చున్నాం. పెద్దసారు చెబుతుంటే సూపరింటెండెంటు రాస్తున్నారు. సదరు ఉత్తరాలు గడువులోగా చదవబడినవి. చిరునామా అసంపూర్తిగా ఉన్నందున కుటుంబసభ్యుల ఆచూకీ లభించలేదు. తీవ్ర ప్రయత్నం జరిగినది.

"ఆచూకీ లభించలేదా?" అన్నాను. నా గొంతు లేచింది. "ఆమె నా బల్ల ముందట రెండుసార్లు కూసున్నది సార్. చేతిల జిరాక్సు పట్టుకొని కూసున్నది. మీ సంతకం కోసం ఆ ఫైలు వారం రోజులు గీ బల్ల మీదనే ఉన్నది."

"మేడం, జర ఇనండ్రి" అన్నారు సూపరింటెండెంటు, నన్ను బుజ్జగిస్తున్నట్టు. "రికార్డు మనకే సపోర్ట్ ఉన్నది గదా. కంప్యూటరే చదివినట్టు చెప్తున్నది. మీకే ఫాయిదా. రిటైర్మెంట్ ముంగట ఎందుకు లొల్లి?"

"చదివినట్టు అంటే చదవనట్టే సార్" అన్నాను. "చదివితే చదివిండ్రు అని ఉంటుండె."

నేను పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న భాషే ఇది. ఆ 'ట్టు' అనే చిన్న ముక్కలో ఎంత అబద్ధం దాక్కుంటుందో అప్పుడే తెలిసింది. ఏడ్చినట్టు, తిన్నట్టు, పనిచేసినట్టు. బటన్ మీద ఉన్నది నిజమే. ఆ బటన్ మమ్మల్ని మోసం చెయ్యలేదు. నొక్కితే ఏం జరుగుతుందో నిజాయితీగా తెలుగులో రాసిపెట్టింది. చదువుకున్నవాళ్లం ముగ్గురం దాని ముందు నిలబడి, ఆ ఒక్క ముక్కను మింగేశాం.

వాళ్లు రాసిన దాని మీద సంతకం పెట్టలేదు. నా సంజాయిషీ నేనే చేత్తో రాశాను. ఈ రెండు ఉత్తరాలను ఈ ఆఫీసులో ఎవరూ చదవలేదు. అధికారి నోటిమాట మీద, నా చేత్తో, చదివినట్టుగా గుర్తించాను. కుటుంబం వచ్చి అడిగినా పేరుతో వెతకలేదు. అంతే, మూడు వాక్యాలు. రిజిస్టర్‌లో ఎక్కించి, నెంబరు వేసి, పెద్దసారు చేత అందినట్టు సంతకం పెట్టించుకున్నాను. ఆ సంతకం పెట్టేటప్పుడు ఆయన కలం కాగితాన్ని చింపినంత పని చేసింది.

ఏం జరిగి ఉంటుందో మీరు ఊహించగలరు. నా నిర్లక్ష్యానికి నాకు మెమో వచ్చింది, అది న్యాయమే. ఆఖరి ఏడాదికి వర్ని మండలానికి బదిలీ వచ్చింది. 'ఇతరాలు' ఫోల్డరు నియమం మాత్రం ఎవరూ తీయలేదు. వరసగా అన్ని వారాలు పచ్చ వరసలో ఉన్నందుకు పెద్దసారుకు ప్రశంసాపత్రం వచ్చింది. నేనేదో వీరనారినని అనుకోకండి. నేను నిజం రాసేసరికి ఆ మనిషి మట్టిలో ఉన్నాడు. అంతకు ముందు ఒక శుక్రవారం, ఒకే ఒక్క శుక్రవారం, నొక్కను సార్ అని ఉంటే చాలు. అప్పుడు అనాల్సిన మాట అది. మీకు కూడా ఎవరో ఒకరు కుర్చీ వెనకాల వచ్చి నిలబడతారు. ఆ క్షణంలో అనాలి, తర్వాత ఎంత మంచి చేతిరాతతో రాసినా లాభం లేదు.

ఆ ఆఫీసులో నా ఆఖరి రోజు అత్తాకోడళ్లు మళ్లీ వచ్చారు. ఇక్కడ మరణ ధ్రువపత్రం కోసం ఆ ఉత్తరం నకలు కావాలట. ప్రింటు తీసి ఇచ్చాను. కోడలు మడతపెట్టి సంచిలో పెట్టుకుంటుంటే ముసలామె ఆపింది.

"గండ్ల ఏమున్నదో జర సదివి ఇనిపియ్యి బిడ్డా" అంది నాతో.

ఇంగ్లీషులో ఉంది. ఒక్కో వాక్యం తెలుగులో చెబుతూ చదివాను. ఫలానా ఊరివాడు, ఫలానా పేరు గలవాడు, గుండె ఆగి ఆసుపత్రిలో చనిపోయాడని. ఇంటి నెంబరుకు ఫోన్ కలవడం లేదని. ఒక గడియారం, ఒక ఫోను, రెండు జతల బట్టలు, ఒక దుప్పటి ఆయనవి తమ దగ్గర భద్రంగా ఉన్నాయని. కుటుంబానికి తమ సానుభూతి అని. ఆ రోజు తారీఖులూ గడువూ చూశానే గానీ, ఆ ఉత్తరాన్ని ఒక మనిషి మొదటి నుంచి చివరిదాకా చదవడం ఇదే మొదటిసారి. చివర ఒక ప్రశ్న ఉంది. భౌతికకాయాన్ని స్వదేశానికి పంపాలా, ఇక్కడే ఖననం చేయాలా, దయచేసి కుటుంబం కోరిక తెలియజేయండి.

"తోలియ్యాల్నా, ఆడనే పెట్టాల్నా అని అడిగిండ్రా?" అంది ముసలామె.

"అవునవ్వా."

"మమ్మల్నే అడిగిండ్రా?"

"మిమ్మల్నే అవ్వా."

"మరి రాయి బిడ్డా. మా పిలగాన్ని మా ఇంటికి తోలియ్యుమని రాయి."

కోడలు ఆమె భుజం పట్టుకుంది. "అత్తా, ఇగ ఏడికెళ్లి తోలుతరు. అయిపాయె గదా."

"నాకెర్కనే" అంది ముసలామె. "అయిపాయినట్టు నాకెర్కనే. గాళ్లు మర్యాదగ అడిగిండ్రు. అడిగినోళ్లకు జవాబియ్యాలె గదా."

సాయంత్రం దాకా పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది. ఎవరి అనుమతీ అడగలేదు. జవాబు గడి తెరిచి, ఆమె అన్నది ఆమె అన్నట్టే తెలుగులో కొట్టాను, ఒక్క అక్షరం దిద్దలేదు. కింద ఇంగ్లీషులో అర్థం రాశాను. నేను కొడుతున్నంతసేపూ ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడి తెరనే చూసింది. పంపే బటన్ నొక్కాను.

"పోయిందా బిడ్డా?" అని అడిగింది.

"పోయిందవ్వా" అన్నాను.